చలి జమ చేసే మనిషి

మా ఆయన మీద ఫిర్యాదు చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. తాగడు, పేకాట రాదు, ఆదివారం చర్చికి నాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడతాడు. ఒక్కటే గుణం, ఇంట్లో ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనివ్వడు. నా కుట్టుమిషన్ మోటారు విప్పి కూలర్‌కు పెట్టాడు, కూలర్ పంపు విప్పి కరివేపాకు చెట్టుకు నీళ్ళు పారించాడు, మా నాయన పెళ్ళికిచ్చిన రేడియో ముక్కలు ముక్కలుగా ఒక్కో గదిలో ఒక్కో ఉద్యోగం చేస్తోంది. నన్ను మాత్రం ఇంకా దేనికీ బిగించలేదు, సరిపోయే స్క్రూ దొరకలేదేమో. ఈసారి వంతు నా ఫ్రిజ్‌ది. అత్తమ్మ మా చర్చివాళ్ళ జాతరకు రావాలి, అత్తమ్మ షుగర్ మందు చల్లగా ఉండాలి, జాతర జరిగే మంజీర ఒడ్డున కరెంటు లేదు. మూడు మాటలే. వేరే ఎవరైనా అయితే ఈ మూడింటిని మూడు రకాలుగా కలిపి చూస్తారు, మా ఆయన మాత్రం వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌లోని చింతపండు పులుసు గిన్నె తీసి నా చేతిలో పెట్టి, ఫ్రిజ్‌ను తమ్ముణ్ణి లేపినట్టు భుజాల కింద చేతులు వేసి లేపాడు. చక్కెర ఫ్యాక్టరీలో కరెంటు పని మానుకున్నాక కొన్న పాత మెటడార్ వ్యాన్ ఉందిగా, దాని వెనక భాగంలో నిలబెట్టి ఇనుప పట్టీలతో కట్టాడు, సీటు కింద లారీ బ్యాటరీలు, పక్కన ఇన్వర్టర్. మొన్న బోధన్ నుంచి ఇక్కడి దాకా నేనూ అత్తమ్మా మూటల మీద కూర్చుని ఎగిరెగిరి పడుతూ వచ్చాం, ఫ్రిజ్ మాత్రం కదలకుండా వచ్చింది.

తలుపు తెర్వకు, అని చెప్పిపోయాడు మధ్యాహ్నం. తెరిస్తే సలి పోతది. ఇన్వర్టర్‌కు ఎర్ర లైటు వస్తే బండి చాబీ తిప్పు, ఇంజన్ నడువనియ్యి, గేరు ముట్టకు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నాకు బండి నేర్పాడు, స్టార్ట్ చెయ్యడం వరకు. కదలడం రేపో ఎల్లుండో నేర్పుతాడు కాబోలు. అందరూ సాక్ష్యాల కూటానికి పోయారు, డేరాలన్నీ ఖాళీగా పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడ్డాయి, కోత అయిన మడిలో ఎడ్లు విప్పిన బండ్లు కాడి నేలకానించి పడుకున్నాయి, ఎవరి పొయ్యిలోంచో ఆరీ ఆరని పొగ, ఎక్కడో ఒక పసివాడి ఏడుపు, తర్వాత అదీ లేదు. ఈ వ్యాన్‌లో నేను, ఫ్రిజ్. బి.ఏ. చదివినప్పుడు నిజామాబాద్ కాలేజీ మెట్ల మీద కూర్చుని మేము నలుగురం స్నేహితురాళ్ళం, పెద్దయ్యాక ఏమవుతామని చెప్పుకునేవాళ్ళం, ఒకతె లెక్చరర్ అన్నది, ఒకతె కలెక్టర్ అన్నది, నేనేమన్నానో గుర్తు లేదు కానీ ఫ్రిజ్‌కు కాపలా అని అనలేదు, అది మాత్రం గట్టిగా చెప్పగలను. ఇన్వర్టర్ మీద దీని మూలుగు కూడా మారిపోయింది. ఇంట్లో సన్నగా, నిద్రలో ఏదో గుర్తొచ్చినట్టు మూలిగేది. ఇక్కడ గొంతులో కఫం పట్టిన ముసలాయన లాగా గుర్రుమంటోంది, ఆగుతుంది, ఆగిందా అని నేను లేచేలోపల మళ్ళీ గుర్రుమంటుంది. దీన్ని వింటూ కూర్చోవడమే నా డ్యూటీ.

మైకులో సాక్ష్యాలు వినిపిస్తున్నాయి. తప్పిపోయిన బర్రె ప్రార్థన చేసిన మూడో రోజున దానంతటదే ఇంటికొచ్చిందట, ఒకాయన చెప్తున్నాడు, బర్రె ఆ రెండు రోజులు ఎక్కడుందో చెప్పలేదు. తర్వాత బిలోలి వైపు నుంచి వచ్చిన ఒకామె మరాఠీలో మొదలుపెట్టింది, ఏడుస్తూ, నవ్వుతూ, చాలా సేపు. ఆత్మారాం సారు తెలుగు చేస్తున్నాడు. ఆమె అంతా చెప్పి ఊపిరి పీల్చుకుంటే ఆయన ‘ఈమెకు జ్వరం వచ్చింది, పోయింది’ అన్నాడు. ఆత్మారాం సారు ప్రతి ఏడూ ఇంతే, ఎంత పెద్ద దుఃఖాన్నైనా చుట్ట చుట్టి జేబులో పెట్టుకుంటాడు. ఆయన పక్కనే నేల మీద, యాంప్లిఫయర్ వెనక, మా ఆయన ఉంటాడు. జాతర మైకు మా ఆయనదే, ఊహ తెలిసినప్పటి నుంచీ. లోకంలో అందరి సాక్ష్యాలూ ఆయన వైర్లలోంచే పోవాలి, ఆయన సాక్ష్యం మాత్రం ఎవరూ వినలేదు. హలో, హలో, చెక్. అంతే ఆయన దేవుడితో మైకులో మాట్లాడింది.

ఈ ఫ్రిజ్ మా ఇంటికి వచ్చిన రోజున ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో మా లైనంతా వాకిట్లో నిలబడింది. క్రషింగ్ నడిచే కాలం, గాలి నిండా మడ్డి వాసన, చెరుకు బండ్లు గేటు నుంచి రోడ్డు దాకా. మా లైన్లో మొదటి ఫ్రిజ్ మాదే. సాయంత్రానికి రేణుకమ్మ పెరుగు గిన్నె వచ్చింది, మర్నాడు ఎవరివో మల్లెపూలు తడిగుడ్డలో, ఎవరో ముసలాయన కళ్ళలో వేసుకునే మందు, పక్కింటి పిల్లల ఐసు గిన్నెలు, అవి గడ్డకట్టాయా లేదా అని గంట గంటకూ వచ్చి చూసేవాళ్ళు. నా ఫ్రిజ్‌లో నా గిన్నెకు జాగా ఉండేది కాదు. విసుక్కునేదాన్ని, అబద్ధం ఎందుకు, పైకి విసుక్కునేదాన్ని. పొద్దంతా తలుపు చప్పుడు, అక్కా ఒక్క నిమిషం, అక్కా నా గిన్నె, అక్కా చల్లనీళ్ళు. మాకు పిల్లలు లేరు. ఆ మాట అనడం అందరికంటే ముందు మానేసింది అత్తమ్మే, ఆమె నాకు చేసిన మేలు అది. తర్వాత ఒక్కొక్కరూ ఫ్రిజ్‌లు కొనుక్కున్నారు. అందరికీ మంచి జరిగింది. ఇప్పుడు ఫ్రిజ్ నిండా మా గిన్నెలే, వాటికీ అంత జాగా అక్కర్లేదు, మధ్యాహ్నం పూట తలుపు తీసి ఆ లైటు కాసేపు చూసి మళ్ళీ పెట్టేస్తాను. బహుశా అదే ఎవరో చూసి ఉంటారు. బహుశా అక్కడి నుంచే నేను తలుపు సరిగ్గా పెట్టనన్న మాట పుట్టింది.

పోయినేడు వానాకాలంలో ఒక పొద్దున అత్తమ్మ పాయఖానా నుంచి వస్తూ గోడ పట్టుకుని అలాగే జారిపోయింది. నిజామాబాద్ దాకా జీపులో ఆమె తల నా ఒడిలో, నోట్లోంచి మాగిన పండు వాసన, అత్తమ్మా అంటే ఊ అనలేదు. దవాఖానలో డాక్టరు ఇన్సులిన్ రోజూ ఇస్తున్నారా అన్నాడు. ఇస్తున్న సార్, నేనే ఇస్తున్న, అన్నాడు మా ఆయన. నిజమే, సూది పని ఆయనదే, స్క్రూలున్న పనీ సూదులున్న పనీ నా దాకా రానివ్వడు. మరి మందు పనిచెయ్యలేదే, ఎక్కడ పెడుతున్నారు? ఫ్రిజ్‌ల సార్. ఒక్క క్షణం ఆగి, నా వైపు చూడకుండా, గోడ మీద బోర్డుకు చెప్పినట్టు అన్నాడు, మా ఆమె ఫ్రిజ్ తలుపు సరిగ్గ పెట్టది సార్, సలంత పోయి మందు ఖరాబైనట్టుంది. వార్డులో మంచాలన్నీ నా వైపు తిరిగాయి. అత్తమ్మ బతికింది. ఆ మాటా బతికింది. పెళ్ళిళ్ళలో మా వదిన బాలవ్వ నన్ను చూడగానే ‘ప్రమీల వచ్చింది, తలుపులు పెట్టుండ్రే’ అంటుంది, అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు, నేనూ నవ్వుతాను, నవ్వకపోతే ఇంకా బాగోదు. ఒకరోజు క్యాలెండర్ కాగితం చింపి ఫ్రిజ్ తలుపు సందులో పెట్టి మూసి లాగి చూపించాను. కాగితం రాలేదు, అంత గట్టిగా పడుతుంది రబ్బరు. చూసి తలూపి, ఇయ్యాల పెట్టినవ్, ఆనాడు పెట్టలే, అన్నాడు. దానికేం కాగితం పెట్టి చూపించాలి? అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఉప్పు, గ్యాసు, కరెంటు ఎప్పుడొస్తది, ఇవే మాటలు. మంచం మీద ఆయన అటు తిరిగి పడుకుంటే వంటింట్లోంచి ఈ ఫ్రిజ్ మూలుగు వినిపించేది, ఇంట్లో నాతో ఏదో చెప్పాలనుకుంటున్నది ఇదొక్కటే అనిపించేది.

మా నాయన దేవదాస్ సారు డిచ్‌పల్లిలో బడిపంతులు. ఆయనకూ షుగరే. అప్పుడు మాకు ఫ్రిజ్ లేదు, ఫ్యానే లేదు. పెద్ద మూతి కుండలో తడి ఇసుక, ఇసుకలో చిన్న బుడ్డి, బుడ్డిలో మందు సీస, పైన తడిగుడ్డ, దొడ్లో నీడ పట్టున, రోజూ పొద్దున నీళ్ళు చల్లడం నా పని. మండే ఎండాకాలంలో కూడా ఆ సీసాను చెంపకు ఆనించుకుంటే హాయిగా ఉండేది. చల్లగుండాలె బిడ్డా, గడ్డగట్టొద్దు అనేవాడు. ఐసు ముఖం ఎరగని ఇంట్లో గడ్డ ఎలా కడుతుంది నాయనా అని నవ్వేదాన్ని. ఆ మాట ఎన్నేళ్ళు నాలో ఎక్కడ పడి ఉందో. ఈ కుండ సంగతి బయల్దేరే ముందు మా ఆయనకు చెప్పాను. ఫ్రిజ్ ఉండంగ కుండెందుకు, మనమేమన్న అడవిలున్నమా అన్నాడు, అప్పటికి ఫ్రిజ్‌ను అడవికి తీసుకుపోవడానికే పట్టీలు బిగిస్తున్నాడు. సరేనన్నాను. సరేనని బోధన్‌లో మెడికల్ షాపు దగ్గర వ్యాన్ ఆపించి, తలనొప్పి గోలీ అని చెప్పి దిగి, ఇంకో సీస కొన్నాను. అది ఇప్పుడు నా కాళ్ళ దగ్గర, జొన్నరొట్టెల గంప వెనక, చిన్న కుండలో, మంజీర ఇసుకలో ఉంది. మంజీర ఇసుక డిచ్‌పల్లి ఇసుక కంటే సన్నం.

ఎందుకు కొన్నానో నాకే సరిగ్గా తెలియదు, ఈ పొద్దున దాకా. ఈ పొద్దున అత్తమ్మకు సూది ఇచ్చే ముందు మా ఆయన ఫ్రిజ్‌లోంచి సీస తీశాడు. దాన్ని బయల్దేరేటప్పుడే ఐసు డబ్బాకు సరిగ్గా కింద, డబ్బాను ఆనుకునేలా, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టిపెట్టాడు, అన్నిటికంటే సల్లటి జాగా అని. లోపలి నాబ్ చివరిదాకా తిప్పాడు. ఇంజన్ నడిచేటప్పుడే సలి జమ చేసుకోవాలె, బ్యాంకుల ఏసుకున్నట్టు, బ్యాటరీ తగ్గినంక వాడుకోవచ్చు, అన్నాడు. సీస తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ నది వైపు చూస్తున్నాడు, చలిమంట దగ్గర కూర్చున్నవాడిలా. రుద్దాడు, రుద్దాడు. నేను చాయ్ గిన్నె దించుతూ దించుతూ ఆగిపోయాను. ఆ చేతులు నేనెక్కడో చూశాను. వానాకాలం. వంటింటి గుమ్మం. అత్తమ్మ పడిపోయిన ఆ వారమంతా పొద్దున్నే ఇదే రుద్దడం. ఆ వారం కరెంటు పోయి పోయి వస్తోందని, వచ్చినప్పుడే చలి పట్టుకోవాలని, అప్పుడు కూడా నాబ్ తిప్పింది ఈయనే. అప్పుడు చేతులు వెచ్చబెట్టుకుంటున్నాడు అనుకున్నాను. ఉక్కపోతలో చేతులు వెచ్చబెట్టుకునే మనిషి ఎవరుంటారు, నేనెందుకు అడగలేదు, అడిగితే చెప్పేవాడా. అత్తమ్మ నిన్నటి నుంచి నీళ్ళడుగుతోంది. చెంబు దించకముందే మళ్ళీ చెంబు. ఎండ అంటున్నారు. కార్తీకమాసపు ఎండకు ఇంత దాహమా? పొద్దున నుంచి ఆమె కళ్ళు రెండూ లోపలికి పోయినట్టున్నాయి, కూటానికి నడుస్తూ బాలవ్వ వదిన భుజం పట్టుకుంది, ఎవరి భుజమూ పట్టుకోని మనిషి.

తలుపు తెర్వకు. తెరిచాను. రబ్బరు చప్పుడుతో వదిలింది, తెల్లటి ఆవిరి నా మెడ మీదికి వచ్చింది, ఎంత చలి జమ చేశాడో, ఏ బ్యాంకూ ఇంత వడ్డీ ఇవ్వదు. ట్యూబు ముక్క గట్టిపడి కర్రలా ఉంది. సీస తీసి వంచాను. పాలలాంటి మందు కదల్లేదు. తలకిందులు చేశాను. కదల్లేదు. లోపల తెల్లటి గడ్డ, చుట్టూ సన్నని మంచు గీతలు. ఒక సంవత్సరం నా చేతిలో గడ్డకట్టి ఉంది.

అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన చెప్తే నవ్వుతారు. సీసలు మార్చెయ్యి అనిపించింది. ఈ గడ్డను ఇసుకలో పూడ్చి కుండలోది దీని స్థానంలో కట్టెయ్యి, నాబ్ ఒక్క పిసరు వెనక్కి తిప్పు, అత్తమ్మకు మంచి మందు పడుతుంది, దాహం తగ్గుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, నువ్వు ఇంకా బతికినన్నాళ్ళు తలుపు పెట్టని మనిషిగా బతకొచ్చు, దానికేం, అలవాటైంది. చెయ్యి నాబ్ దాకా పోయింది కూడా. కానీ వచ్చే వానాకాలం ఆయన మళ్ళీ తిప్పుతాడు. ఎవరూ చెప్పకపోతే ప్రేమ కొద్దీ తిప్పుతూనే ఉంటాడు, అదే కదా బాధ, తల్లికి అన్నిటికంటే చల్లని జాగా ఇవ్వాలనే కదా తిప్పింది. నా పేరు కోసం అయితే నోరు మూసుకునేదాన్నేమో. ఆమె ప్రాణమూ నా పేరూ ఒకే సీసాలో గడ్డకట్టి ఉంటే ఏం చెయ్యను.

చెయ్యి అలా ఉండగానే వ్యాన్ వెనక తలుపు తీసుకుని మా ఆయన వచ్చాడు, మెడలో వైరు చుట్ట, చేతిలో టెస్టర్. కంప్రెసర్ గుర్రు ఆయనకు మైకు దగ్గరికి కూడా వినిపిస్తుందేమో.

“తెరిచినవా?”

“తెరిచిన.”

“చెప్పిన గద ప్రమీలా. సలి పోతది.”

“పోలే. ఇగో, ఉన్నది చూడుండ్రి.” సీస ఇచ్చాను.

వంచాడు. ఊపాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు, రేడియో ఏమైనా మాట్లాడుతుందేమో అన్నట్టు. తర్వాత అలవాటుగా రెండు అరచేతుల్లోకి తీసుకుని రుద్దబోయాడు.

“రుద్దితె కరుగుతది,” అన్నాను. “మందు బాగుకాదు. విరిగిన పాలు కాచితె మల్ల పాలైతయా? వానాకాలం గూడ గిట్లనే రుద్దిండ్రు. వారమంత రుద్దిండ్రు. అత్తమ్మకు నిన్నటి సంది ఒకటే దాహం, ఎండకు కాదు.”

చేతులు ఆగిపోయాయి. ఆయన నన్ను చూడలేదు, నాబ్‌ను చూశాడు. చివరి అంకె మీద ఉంది. చూసి, సీసాను అంగీ జేబులో వేసుకుని దిగిపోయాడు. పోయే మనిషి ఫ్రిజ్ తలుపు పెట్టలేదు. బార్లా తెరిచి ఉంది, లైటు వెలుగుతోంది, చలి అంతా వ్యాన్‌లోంచి మడిలోకి, మడిలోంచి మంజీర మీదికి పోతోంది. మూద్దామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఈ ఒక్కసారి ఉండనీ. నదిలో పారేస్తాడు సీసాను. పారేసి వచ్చి చీకటి పడ్డాక కందిపప్పులో ఉప్పు తక్కువైంది అంటాడు. అంతేగా, ఇంకేమంటాడు, ఇంకేమనడం ఆయనకు వచ్చు. వెలుగుతున్న ఖాళీ ఫ్రిజ్ ముందు కూర్చుని నాకు ఏడుపు రాలేదు, చలేసింది.

పొద్దు వాలుతుంటే బాలవ్వ వదిన అత్తమ్మను నడిపించుకొచ్చింది. తెరిచి ఉన్న తలుపు చూసి వదిన కళ్ళు మెరిశాయి. “సూసినవా అవ్వా, నేను జెప్పలే?” అత్తమ్మ ఆమెను పట్టించుకోకుండా మూట మీద కూలబడి చెంబు అందుకుంది. నీళ్ళు చెంప మీదుగా కారాయి.

“హనోకు ఏడి? సూది యాళ్ళ అయితుంది గద.”

“నేనిస్త అత్తమ్మా.”

“నీకొస్తదా?”

“మా నాయనకు నేనే ఇచ్చేదాన్ని. మీరెవ్వరు అడుగలే.”

కుండ ముందుకు జరిపి తడిగుడ్డ తీశాను. వదిన నోరు తెరిచింది, అది కూడా అలాగే ఉండిపోయింది. అత్తమ్మ మాత్రం చీర కొంగు పక్కకు జరిపి చెయ్యి చాపింది, ఆ చెయ్యి ఎప్పుడింత సన్నబడిందో. “గా కుండను నిన్ననే సూసిన పిల్లా. నీళ్ళనుకొని మూత దీసిన.”

“మరి అడుగలేదేం?”

“దాసుకున్నదాన్ని ఏమడుగుత? ఈ ఇంట్ల నీదంటు ఒక్కటన్న దాసుకున్నవ్, మంచిదే అనుకున్న.”

సూది దిగింది. ఆమె అబ్బా అనలేదు. రేపు పొద్దున బోధన్ దవాఖానకు పోదాం అత్తమ్మా, ఒకసారి రక్తం చూపిద్దాం అన్నాను. జాతరో అన్నది. చూపించుకొని మల్ల వద్దాం, కుండ ఉంటదిగా అన్నాను. చెంపకు ఆనించుకున్న సీస అప్పటిలాగే ఉంది, డిచ్‌పల్లి దొడ్లో, నీడలో.

మైకు గుర్రుమంది. పాట కాదు. వేలితో టకటక కొట్టిన చప్పుడు. హలో, హలో, చెక్. తర్వాత ఇంకో మాట రావాల్సిన చోట ఊపిరి వినిపించింది. “నేను మైకాయన్ని. శారమ్మ కొడుకును, హనోకును. నాకు సాక్ష్యం జెప్పుడు రాదు.” అత్తమ్మ చెంబు కింద పెట్టింది. “పోయినేడు మా అవ్వ పడిపోయింది. మా ఆమె ఫ్రిజ్ తలుపు పెట్టలేదని దవాఖానల డాక్టర్‌కు జెప్పిన. సుట్టాలకు జెప్పిన. అందరు నవ్వితె నేను గూడ నవ్విన. తలుపు మంచిగనే పెట్టింది. సలి ఎక్కువ వెట్టింది నేను. మందు గడ్డగట్టింది. నేనే రుద్ది నేనే ఇచ్చిన. ఇగో, సీస నా చేతులనే ఉన్నది.” మళ్ళీ ఊపిరి. వెంటనే ఆత్మారాం సారు గొంతు, మరాఠీలో, రెండే ముక్కలు, దాంట్లో నాకు ఫ్రిజ్ ఒక్కటే అర్థమైంది.

“ఆగు సారూ,” మా ఆయన గొంతు మైకుకు మరీ దగ్గరగా వచ్చింది, చెవులు గింగురుమన్నాయి. “గట్ల తక్కువ జెయ్యకు. పూరా చెప్పు. మా ప్రమీల తప్పు కాదని చెప్పు. తప్పు నాది.”